సవరణ: నేపాల్ ఖర్చుల లెక్కలో నా తప్పులు

నేపాల్‌లో అన్నపూర్ణ కొండల వైపు తక్కువ ఖర్చుతో తిరిగొచ్చిన సంగతి పోయినసారి రాశాను కదా, అందులో కొన్ని తప్పులు దొర్లాయి.

పెద్దది ఇదీ: రోజుకి 2,400 రూపాయలు అయిందన్నాను. అవి నేపాలీ రూపాయలు! మన 100 రూపాయలకి అక్కడ 160 వస్తాయి, అంటే నా ఖర్చు మన లెక్కలో 1,500. చదివి భయపడి టికెట్ మానుకున్నవాళ్లుంటే క్షమించాలి.

రెండోది, నేపాల్లోకి వెళ్లడానికి ఆధార్ చాలన్నాను. చాలదు. సునౌలి దగ్గర సరిహద్దు నడిచి దాటినప్పుడు నన్నెవరూ అడగలేదు, దాన్నే రూలనుకున్నాను. 15 నుంచి 65 ఏళ్ల లోపువాళ్లకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. విమానంలో వెళ్తే ఇది మరీ ముఖ్యం.

అన్నపూర్ణ ప్రాంతంలో తిరగడానికి తీసుకోవాల్సిన పర్మిట్ 3,000 అని రాసింది మిగతా విదేశీయులకి. సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) దేశాలవాళ్లం కాబట్టి మనకి 1,000 నేపాలీ రూపాయలే.

'గది దాదాపు ఉచితం' అన్న మాట అబద్ధం కాదు గానీ, సగం నిజం. కొండమీద లాడ్జీల్లో రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను అక్కడే తినాలన్న షరతు మీదే గది చవకగా ఇస్తారు. సరుకు గాడిదల మీదో మనుషుల వీపుల మీదో రావాలి కనక ఎత్తుకి వెళ్లేకొద్దీ తిండి ధర పెరుగుతుంది. దాల్‌భాత్ తీసుకోండి, అన్నం, పప్పు మారు వడ్డిస్తారు. నాలాంటి అన్నం మనిషికి అదే గిట్టుబాటు.

పాత పోస్టులో అంకెలు మార్చేశాను.