పిప్పికి రెండో స్నానం

దేశంలో తేలాల్సిన విషయాలు చాలానే ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం మూడు వారాలుగా ఒకటే నడుస్తోంది: బీరు కాచాక మిగిలిన హాప్స్ పువ్వుల పిప్పిని వేన్నీళ్లతో కడగాలా, పారేయాలా? తిరుపతిలో కూర్చుని దీని గురించి టెన్షన్ పడే కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది.

సమస్య సియాటెల్ నుంచి వచ్చింది. అక్కడ మా బామ్మర్ది శనివారం వచ్చిందంటే ఇంట్లో బీరు కాస్తాడు. ఇక్కడైతే ఎక్సైజ్ వాళ్లు తలుపు తడతారు. అక్కడ 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అంటే 750 లీటర్ల పైచిలుకు. అంత బీరుకు హక్కున్నవాడు గ్లాసుడు పోతోందని ఏడుస్తున్నాడు, అదీ సంగతి.

మాల్ట్ చేసిన, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి నీళ్లను వోర్ట్ అంటారు. అందులో హాప్స్ అనే తీగ పువ్వులు వేసి గంటసేపు మరిగిస్తే, వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి బీరుకు చేదునిస్తాయి. పొయ్యి ఆర్పేసరికి పువ్వుల ఉద్యోగం అయిపోయినట్టే. కానీ రిటైరయినవాళ్లు ఊరికే పోతారా? ఎండు పువ్వులు కదా, తమ బరువుకు కొన్ని రెట్ల వోర్ట్ పీల్చుకుని జల్లెడలో బరువుగా కూర్చుంటాయి. "ప్రాణం ఉసూరుమంటోంది బావా" అన్నాడు వీడియో కాల్‌లో. సగం పిజ్జాను డబ్బాతో సహా చెత్తలో వేసిన చేతులే అవి. నేను కళ్లారా చూశాను.

కడగకూడదనే వర్గానికీ శాస్త్రం ఉంది. మరీ వేడి నీళ్లు ఎక్కువగా పోస్తే టానిన్లు దిగి నోరు వగరెక్కుతుందట. వోర్ట్ పలచబడుతుంది, మళ్లీ ఇగరబెట్టాలి. చల్లారాక కాచని నీళ్లతో కడిగితే అడ్డమైన సూక్ష్మజీవులూ చేరతాయి. మన చిత్తూరు వైపు చూద్దామా అంటే ఇక్కడా ఏకాభిప్రాయం లేదు. బెల్లం వండేవాళ్లు చెరకు పిప్పిని ఎండబెట్టి అదే పొయ్యిలోకి తోస్తారు. చక్కెర ఫ్యాక్టరీ వాళ్లేమో పిప్పి మీద నీళ్లు చల్లి మళ్లీ పిండుతారు. ఆ పనికి ఇంబిబిషన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. పేరుంటే పిసినారితనం కూడా టెక్నాలజీయే.

చివరికి కేసు అత్తమ్మ దగ్గరికి పోయింది. అది బీరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బార్లీ కషాయం, ఏవో పూలు వేస్తాడు, ఒంటికి చలువ. అంతవరకే.

"పారేస్తాండావా? చింతపండు ఒక్కసారి పిసికి పారేసే కొంప ఏడన్నా ఉందా నాయనా? వేన్నీళ్లు పోసి పిండు. ఇంకోసారి పోసి ఇంకా పిండు. ఆ పిప్పితో ఇత్తడి చెంబులు తోముకో."

సియాటెల్‌లో ఇత్తడి చెంబులు లేవు గానీ మిగతా తీర్పు అమలైంది. లీటరు వేన్నీళ్లు పోసి, పిండి, ఆ నీళ్లను మళ్లీ వోర్ట్‌లో కలిపి ఇరవై నిమిషాలు అదనంగా మరిగించాడు. పోసిన లీటరు ఆవిరైంది. మిగిలిన లాభం ఒకటిన్నర గ్లాసు. గ్యాసు లెక్క నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కానీ ఆ ముఖంలో వెలుగు చూడాలి! జీతం పెరిగిన రోజు కూడా అలా లేడు.

వచ్చే నెల తలనీలాలివ్వడానికి వస్తున్నాడు. మామగారికి కిడ్నీలో రాళ్లు. బార్లీ మంచిదని అత్తమ్మ రెండు సీసాలు తెమ్మంది, కొండ మీద మూడు రోజులూ పొద్దున్నే పరగడుపున తాగిస్తుందట. ఫోన్ పెట్టబోతూ కొడుక్కి ఇంకో జాగ్రత్త చెప్పింది.

"గాజు సీసాల్లో పొయ్యి నాయనా. ప్లాస్టిక్‌వి అయితే అలిపిరిలో ఆపేస్తారు."

సీసా వరకు అత్తమ్మ చెప్పింది అక్షరాలా నిజం.