నాలుగు చీటీలు, నాలుగు చేతిరాతలు

తిరుపతి జీవకోనలో కనకాంబరాలు కట్టి అమ్మే ఒకావిడ నడుము సంచిలో చిల్లరతో పాటు వైద్య శిబిరాల్లో రాసిచ్చిన నాలుగు మందుల చీటీలున్నాయి. నాలుగింటిలోనూ బీపీ ఎక్కువనే ఉంది. రాసిన చేతులు మాత్రం నాలుగు. ఎవరు చూశారమ్మా అంటే, ‘ఎవరో క్యాంపుకొచ్చిన డాక్టరు సార్, మళ్లీ కనబడలేదు’ అంది. మందులు నెల రోజులు వేసుకుని మానేసింది.

దీనికి మనవాళ్లు పెట్టిన పేరు అవగాహనా లోపం. నేను ఒప్పుకోను. పూల మండీలో ఎవరి అరువు నమ్మాలో, ఎవరి తూకం నమ్మకూడదో ఆమెకు బాగా తెలుసు. సాయంత్రం వసూలుకు వచ్చే వడ్డీ వ్యాపారి రేపూ వస్తాడని తెలుసు. డాక్టరు విషయంలోనే ఆ భరోసా లేదు.

నొప్పితో వెళ్లినవాడు రుయా ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఏ డాక్టరు కూర్చున్నా పరీక్షకు చెయ్యి చాపుతాడు. అక్కడ నమ్మించే పని నొప్పే చేసిపెడుతుంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ చేయాలంటున్న బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల సంగతి వేరు. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి నీకు జబ్బుందని చెప్పి, రోజూ మాత్ర మింగమనాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లు చెబితే ఎందుకు మింగాలి? రొమ్ము పరీక్షకు పైట తీయమంటే ఎవరి ముందు తీయాలి? చిత్తూరు వైపు ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే ఆడవాళ్లకైతే ఆ సంకోచం చెప్పుకోవడానికి భాష కూడా అడ్డమే.

శిబిరాలు లేకపోతే ఆ నాలుగు చీటీలూ ఉండేవి కావంటారు. నిజమే. డాక్టర్ల కొరతా నిజమే.

కానీ ఒకే డాక్టరు అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 2023లో పల్లెల కోసం ఫ్యామిలీ డాక్టర్ పథకం పెట్టింది అందుకే. పేరూ రంగూ మారినా ఆ సూత్రం నిలవాలి, పట్నం బస్తీలకూ రావాలి. మన పాలనకు అంకెల పిచ్చి పట్టింది. నాటిన మొక్కలు లెక్కిస్తాం, బతికినవాటిని మరిచిపోతాం. పూలావిడకు నాలుగుసార్లు బీపీ చూస్తే లెక్కలో నాలుగు పరీక్షలు. ఆమె మాత్ర మానేసిన సంగతి ఎదురింటి ఆశా కార్యకర్తకు తెలుసు. ఆ కార్యకర్తను అడిగినవాళ్లే లేరు.