ఏడాది నిండని కుక్కపిల్ల చేత దూకించకండి

ఈ మధ్య మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కుక్కలకు ఎజిలిటీ, అంటే అడ్డంకులను వరసగా దాటే ఆట, నేర్పించాలన్న ఉత్సాహం బాగా కనిపిస్తోంది, అది సంతోషించవలసిన విషయమే. కానీ నాలుగైదు నెలల లాబ్రడార్ పిల్ల చేత మోకాలెత్తు కర్రను మళ్లీ మళ్లీ దూకించి, ఆ వీడియోను గర్వంగా పంచుకుంటున్న వారిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటోంది. ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే గ్రోత్ ప్లేట్లు చాలా కుక్కల్లో ఏడాది వచ్చేదాకా, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా కూడా గట్టిపడవు. కుక్కల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ తన ఎజిలిటీ పోటీల్లోకి 18 నెలలు నిండని కుక్కను రానివ్వకపోవడం ఊరికే కాదు.

1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, విరామంలో ప్రేక్షకులను అలరించడానికి, గుర్రాల చేత అడ్డంకులు దూకించే పోటీలను చూసి ఈ ఆటను రూపొందించారు. అక్కడి నుంచి మనం ఎత్తును మాత్రమే తెచ్చుకున్నాం, గుర్రానికీ రౌతుకూ మధ్య ఉండే అవగాహనను వదిలేశాం.

ఆ ఏడాదంతా కుక్కను ఖాళీగా కూర్చోబెట్టమని నేను అనడం లేదు, నేర్పవలసినది నేల మీదే బోలెడంత ఉంది. పిలిస్తే ఎంత సందడిలోనైనా వెనక్కి రావడం, మీకు కుడివైపునా ఎడమవైపునా సమానంగా నడవడం, నేల మీద పరిచిన నిచ్చెన మెట్ల మధ్య వెనక కాళ్లను చూసుకుని వేయడం, పొట్టి టన్నెల్‌లోంచి తిన్నగా బయటికి రావడం, ఇవన్నీ పసివయసులోనే నేర్పవచ్చు. సీ-సా, అంటే కుక్క నడుస్తుంటే అటూ ఇటూ వాలే పలక, విషయంలో మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే చాలా కుక్కలు భయపడేది ఎత్తుకు కాదు, కాలి కింద పలక కదలడానికీ, అది నేలకు తగిలినప్పుడు వచ్చే చప్పుడుకూ. పలక చివర కింద మడతపెట్టిన బొంత వేసి, చేత్తో పట్టుకుని మెల్లగా దించుతూ, ప్రతిసారీ ట్రీట్ ఇస్తూ వెళితే ఆ భయం దానంతట అదే తగ్గుతుంది. వీవ్ పోల్స్‌ను, అంటే కుక్క మెలికలు తిరుగుతూ దాటే నిలువు కర్రల వరసను, కూడా రెండింటితోనే మొదలుపెట్టి, మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం వైపే ఉండేలా ప్రవేశం అలవాటు చేయాలి. వాటి మధ్య వేగంగా ఒళ్లు మెలితిప్పడం ఎదిగిన వెన్నెముకకే తగిన పని.

కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్కు లాంటి చోటికి చిన్న పిల్లను తీసుకెళితే, అక్కడి పరికరాలను వాసన చూడనివ్వండి, వాటి మీదికి ఎక్కించకండి. మార్చి దాటాక ఎండెక్కకముందే శిక్షణ ముగించాలి, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల విషయంలో మరీను.

ఈ ఆటకు ఖరీదైన జాతి కావాలన్న మాటను కూడా నేను ఒప్పుకోను. వీధి నుంచి తెచ్చుకున్న మన దేశీ కుక్కకు తేలికైన ఒళ్లు, చురుకైన చూపు పుట్టుకతోనే ఉంటాయి, కావలసిందల్లా మనిషి మీద నమ్మకం కుదరడం.

ట్రైనర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన మొదట ఏం అడుగుతారో గమనించండి. కుక్క వయసు, బరువు, వెట్ తుంటినీ మోచేతులనూ పరీక్షించారా లేదా అన్నది అడగకుండానే కర్ర ఎత్తు సరిచేస్తున్నా, భయపడుతున్న కుక్కను గొలుసు పట్టి పలక మీదికి లాగుతున్నా, కట్టిన ఫీజు వెనక్కి రాకపోయినా సరే, కుక్కను తీసుకుని ఆ క్షణమే ఇంటికి వచ్చేయండి.