డ్యూటీ చార్టు మార్చకుండా ధైర్యవచనాలా?

ఏటా మే 12న నర్సుల దినోత్సవం నాడు ఆస్పత్రుల్లో కేకు కోస్తారు, పూలగుత్తులు ఇస్తారు, ఎవరో ఒక వక్తను పిలిచి ఒత్తిడిని జయించడం ఎలాగో గంటసేపు చెప్పిస్తారు. ఆ రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు మాత్రం అదే వార్డు, అవే ముప్పై మంచాలు. ఆత్మవిశ్వాసం ఉన్న నర్సు పనిభారాన్ని మెరుగ్గా తట్టుకుంటుందన్న మాట నిజమే. సిబ్బందిని పెంచే బదులు ఆ నిజాన్ని యాజమాన్యాలు వాడుకుంటున్న తీరుతోనే మా పేచీ.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించిన ఈ ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఒక్కో పనికి ఒక్కో తీరుగా ఉంటుంది. నరం దొరకని వృద్ధురాలికి మందు ఎక్కించే గొట్టం (క్యానులా) వేయగలనా? బీపీ పడిపోతున్న రోగి గురించి అర్ధరాత్రి డాక్టరుకు ఫోన్ చేసి నిక్కచ్చిగా చెప్పగలనా? జనరల్ వార్డులో పదేళ్లు చేసిన సిస్టర్‌ను ఉన్నపళంగా ఐసీయూకు మార్చి వెంటిలేటర్ ముందు నిలబెడితే, అంతవరకూ ఉన్న ధీమా అక్కడ అక్కరకు రాదు. సిబ్బంది చాలని చోటల్లా ఇలాంటి సర్దుబాట్లే నడుస్తాయి.

స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేస్తుంటే చూడడం, నమ్మదగినవారి ప్రోత్సాహం, ఒంట్లో ఓపిక - ఈ నాలుగింటితో నమ్మకం కుదురుతుందన్నారు బండూరా. అన్నిటికన్నా బలమైనది మొదటిది. ఉపన్యాసం మూడో దాని కిందికి వస్తుంది, అదీ ఆ వక్తకు వార్డు సంగతి తెలిస్తే.

స్వయంగా చేసి నెగ్గడానికి ఒక ఉదాహరణ చూడండి. గుండె ఆగిన వయోజనులకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఈ శిక్షణ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది కానీ చేతి ఒడుపు కొన్ని నెలలకే సడలుతుంది. నెలకోసారి వార్డులోనే బొమ్మ మీద పది నిమిషాలు సాధన చేయిస్తే ఒడుపు నిలుస్తుంది. అత్యవసర మందులుండే క్రాష్ కార్ట్‌లో అడ్రినలిన్ ఏ అరలో ఉందో, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్‌కు మాస్కు ఉందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. కొత్తగా చేరిన జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సులకు పక్కన సీనియర్ లేకుండా తొలివారాల్లోనే ఒంటరి నైట్ డ్యూటీ వేస్తే, పని పట్టుబడకముందే భయం పట్టుకుంటుంది.

ధైర్యం ఎంత ఉన్నా ఒక మనిషి ఇద్దరు కాలేరు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి, మోతాదు తప్పితే ప్రాణాపాయమయ్యే మందులను ఇద్దరు విడివిడిగా సరిచూశాకే ఇవ్వాలి. పొటాషియాన్ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. వార్డుకు ఒక్క నర్సే ఉంటే రెండోసారి చూసేదెవరు? రాత్రి 10 గంటల ఇంజెక్షన్లు ముప్పై మందికీ, మనిషికి ఐదు నిమిషాల చొప్పున వేసుకున్నా, ముగిసేసరికి పన్నెండున్నర. ఈలోగా ఎవరిదో డ్రిప్ అయిపోతుంది, ఎవరికో వాంతులు, కేస్ షీట్లు రాయాల్సినవి రాయాల్సినట్టే ఉంటాయి. అతి ధీమా ఇక్కడ మరీ ప్రమాదం. ఎవరినీ సాయం అడగరు, లేబుల్ మళ్లీ చదవరు.

ఆత్మవిశ్వాసం ఉన్న నర్సులకు బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసి కుంగిపోవడం) తక్కువని చెప్పే సర్వేలనూ ఆచితూచి చదవాలి. బర్న్‌అవుట్‌ను కొలిచే మాస్లాక్ ప్రశ్నావళిలోని 22 అంశాల్లో 8 తన పనిలో తాను ఏమైనా సాధిస్తున్నానన్న భావన గురించినవే. అంటే నమ్మకం సడలడం కారణమూ కావచ్చు, లక్షణమూ కావచ్చు. ఒక్కసారి జరిపిన సర్వేతో ఏది ముందో తేలదు. మంచాల లెక్క అంత చిక్కుగా లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ బర్న్‌అవుట్ అవకాశం 23 శాతం, శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించాయి. కాలిఫోర్నియాలో నర్సు-రోగి నిష్పత్తి 2004లో చట్టబద్ధంగా అమలులోకి వచ్చింది. 2005 నుంచి అక్కడి మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఒక నర్సుకు ఐదుగురే రోగులు.

అదే లెక్కన మన ముప్పై పడకల వార్డుకు షిఫ్టుకు ఆరుగురు, మూడు షిఫ్టులకు 18 మంది కావాలి. వారానికో ఆఫ్ ఇవ్వాలంటేనే 21 మంది అవుతారు. ఈ ఆఫ్‌లతో పాటు సెలవులు, ప్రసూతి, అనారోగ్యం అన్నీ కలిపి ఆ 18 మందిపై 30 శాతం రిజర్వు పెడితే 24. పోస్టుల మంజూరులో ఈ రిజర్వునే ముందు కోస్తారు. ఒకరు జ్వరంతో రాకపోతే మరొకరికి డబుల్ డ్యూటీ పడేది అందుకే.

ఒక్కరోజులో 24 మంది రారని మాకూ తెలుసు. ముందు చేయదగినవి ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్‌కు పట్టే పావుగంటను డ్యూటీ సమయంలో లెక్కించాలి. రాత్రి వార్డుకు ఇద్దరికి తగ్గకుండా వేయాలి. పొరపాటు జరిగిందని నర్సు తనంతట తాను చెబితే కాంట్రాక్టు రెన్యువల్ ఆపకూడదు. ఏ షిఫ్టులో ఎందరు రోగులో, ఎందరు నర్సులో వార్డు గుమ్మం దగ్గర బోర్డుపై రాయాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద బిల్లులు తీసుకునే ప్రైవేటు ఆస్పత్రులను జాబితాలో చేర్చుకునేటప్పుడే ప్రభుత్వాలు ఈ బోర్డును షరతుగా పెట్టవచ్చు.