బెంచీ ఎక్కించే కొలువు

బెంచీ అనగానే తెలుగునాట బడికి వెళ్లినవారెవరికైనా ముందు గుర్తొచ్చేది శిక్షే. ఎక్కం అప్పజెప్పలేనివాడిని మాస్టారు బెంచీ ఎక్కించేవారు. అక్కడ తప్పు పిల్లవాడిది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో బెంచీకి, అంటే జీతం అందుతున్నా ప్రాజెక్టు లేక ఎదురుచూసే స్థితికి, చేరే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మాత్రం ఏ తప్పూ చేసి ఉండడు. అమెరికాలో ఏదో బ్యాంకు ఖర్చు తగ్గించుకుందామని ప్రాజెక్టు ఆపేస్తుంది. ఇక్కడ పన్నెండు మంది జట్టు శుక్రవారం సాయంత్రానికల్లా చెదిరిపోతుంది.

సోమవారం గేటు దగ్గర ఐడీ కార్డు ఎప్పటిలాగే పనిచేస్తుంది. పాత సీటు మాత్రం వేరే ప్రాజెక్టు వాళ్లదైపోతుంది. ఖాళీ కుర్చీ కోసం రెండంతస్తులు తిరిగి, దొరక్కపోతే క్యాంటీన్‌లో ఓ మూల ల్యాప్‌టాప్ తెరిచి ఆన్‌లైన్ కోర్సులు చూస్తూ కూర్చోవాలి. పదేళ్లుగా పనిచేస్తున్న కంపెనీలోనే కొత్తవాడిలా మేనేజర్లకు రెజ్యూమే పంపుకోవాలి, ఇంటర్వ్యూలకు హాజరుకావాలి. ఇన్నాళ్లూ జావాలో ప్రోగ్రాములు రాసిన మనిషిని టెస్టింగ్‌కు మారతారా, పుణె వెళ్తారా, రాత్రి షిఫ్టు చేస్తారా అని అడుగుతారు. కాదంటే ఆ మాట రికార్డుకెక్కుతుంది. తెల్లవారుజామున అడ్డా మీద నిలబడి మేస్త్రీ కోసం చూసే కూలీతో ఇతడిని పోల్చడం న్యాయం కాదు. పని దొరకని రోజున ఆ కూలీ పొయ్యి వెలగదు, ఇతడికి జీతం పడుతుంది. కానీ ఎవరో వచ్చి ఎంచుకోవాలన్న ఎదురుచూపు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

అసలు ఈ బెంచీ ఎవరి అవసరం? సేవల కంపెనీ అమ్ముకునేది మనుషుల పనిగంటలను. క్లయింటు సరేనన్న మర్నాడే యాభై మందిని చూపించాలంటే ఆ యాభై మంది ముందే సిద్ధంగా ఉండాలి. కాలేజీల నుంచి వేల మందిని ఒకేసారి తీసుకుని, శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది అందుకే. బియ్యం వ్యాపారి గోదాములో బస్తాలు పేర్చుకున్నట్టే ఇదీ. బేరం తగలని నెలలో గోదాము అద్దె బస్తాలు కట్టవు.

ఇప్పుడు ఆ అద్దె ఉద్యోగి మీదకు మళ్లుతోంది. ప్రతి ఉద్యోగీ ఏడాదిలో కనీసం 225 పనిదినాలు క్లయింటు సొమ్ము చెల్లించే పనిలో, అంటే బిల్లింగ్‌లో ఉండాలని, బెంచీ 35 రోజులు మించకూడదని 2025 జూన్‌లో టీసీఎస్ నిబంధన తెచ్చింది. మరుసటి నెలలోనే సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. కారణం కృత్రిమ మేధ కాదని, నైపుణ్యాలు పొసగక కొందరిని ప్రాజెక్టుల్లో వేయలేకపోవడమేనని చెప్పింది. జీతమిచ్చి ఎన్నాళ్లు ఊరికే కూర్చోబెట్టాలన్న యాజమాన్యాల ప్రశ్నను మేం కొట్టిపారేయడం లేదు. వచ్చిన ప్రాజెక్టులన్నీ వద్దనేవారూ లేకపోలేదు. కానీ ఆ 225 రోజులు నింపడం ఉద్యోగి చేతిలో ఉందా? కాంట్రాక్టులు తెచ్చేది అతడు కాదు, ఏ ప్రాజెక్టుకు ఎవరిని పంపాలో తేల్చేదీ అతడు కాదు.

విచిత్రమేమిటంటే ఈ విషయంలో అమెరికా చట్టం ఏనాడో మాట తేల్చి చెప్పింది. హెచ్1బీ వీసా మీద ఉన్న ఉద్యోగికి పని చూపించలేకపోయినా జీతం ఇవ్వాల్సిందేనని 1998 అక్టోబరులో శాసనం చేసింది. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే మన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వీసా ఇప్పించి అమెరికా తీసుకెళ్లిన కన్సల్టెన్సీల చేతిలో జీతం లేని బెంచీ అనుభవించిన తెలుగువారికి ఆ చట్టం అమలు ఎలా ఉంటుందో బాగా తెలుసు. అయినా పని లేకపోవడం యజమాని పూచీ అన్న సూత్రమైతే అక్కడ కాగితం మీద ఉంది.

మన దగ్గర చట్టం లేదని కాదు. కార్మికుడి నిర్వచనంలోకి వచ్చే ఉద్యోగిని, ఏడాది సర్వీసు నిండాక తొలగించాలంటే నెల రోజుల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతీ దాన్ని కొనసాగించింది. ఐటీ ఉద్యోగులకూ ఆ 1947 చట్టం వర్తిస్తుందని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టం చేసింది. ఇదంతా తొలగిస్తేనే. తనంతట తానే రాజీనామా చేసినవారికి ఇందులో ఒక్క అక్షరమూ వర్తించదు. హెచ్ఆర్ గదిలో జరిగే తతంగమంతా అందుకే. పావుగంట మాటలు, ఎదురుగా తెరిచిపెట్టిన రాజీనామా ఫారం, సంతకం చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తామన్న భరోసా, చేయకపోతే రేపు మరో కంపెనీ ఆరా తీసినప్పుడు ఏం చెబుతామో చూసుకోండన్న సూచన. తానుగా వెళ్లాలనుకున్నవారిని మూడు నెలల నోటీసుతో కట్టిపడేసే కంపెనీలకు, ఆ రోజు మాత్రం సాయంత్రం లోపే ల్యాప్‌టాప్ అప్పగించాలన్నంత తొందర పుట్టుకొస్తుంది.

ఐటీ సంస్థలకు పని వేళల నిబంధనల నుంచి తెలంగాణ ప్రభుత్వం ఏళ్ల తరబడి మినహాయింపులిస్తూ వచ్చింది. పెట్టుబడుల కోసమని సమర్థించుకోవచ్చు. ఆ మినహాయింపులకు బదులుగా కార్మిక శాఖ ప్రతి పెద్ద కంపెనీ నుంచి మూడు నెలలకోసారి ఒక్క కాగితం తెప్పించుకోవాలి. బెంచీ మీద ఉండగా ‘స్వచ్ఛందంగా’ రాజీనామా చేసినవారు ఎంతమంది, సంతకానికి ముందు వారిని హెచ్ఆర్ ఎన్నిసార్లు పిలిచింది అన్న రెండు వరుసలు అందులో ఉంటే చాలు.