గేర్ లైట్ వచ్చి పోతే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

వానలు మొదలైనప్పటి నుంచి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఆటోమేటిక్ కారులో గేర్ వార్నింగ్ లైట్ వచ్చి పోతోందంటే గేర్‌బాక్స్ పనైపోయినట్టే. బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు చదివే స్కానర్‌లో పి0700 కోడ్ వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే. బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టి చూడండి, ఆయిల్ మార్చి చూడండి, అప్పటికీ తగ్గకపోతే వైజాగ్ తీసుకెళ్లి గేర్‌బాక్స్ దింపించండి.

కార్ల వైరింగ్ పనే నా బతుకుతెరువు. ఈ మెసేజ్ నమ్మి, ఒక్క రీడింగూ తీయించకుండా గేర్‌బాక్స్ దింపించడానికి సిద్ధపడుతున్న వాళ్లను చూస్తుంటే బాధగా ఉంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"వచ్చి పోతోందంటే గేర్‌బాక్సే." అరిగిన క్లచ్ ప్లేటు ఇవాళ అరిగి రేపు బాగుపడదు. దాని తేడా బరువు మీదా వేడి మీదా బయటపడుతుంది: సాలూరు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. గుంటలో పడ్డప్పుడు, వాన పడ్డ మర్నాడు, ఏసీ హెడ్‌లైట్లు కలిపి వేసినప్పుడు లైట్ వెలిగి, ఆపి స్టార్ట్ చేయగానే పోతోందంటే ముందు వెతకాల్సింది వైర్లూ కనెక్టర్లూ ఎర్తూ (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకీ గేర్‌బాక్స్‌కీ కలిపే వైరు లేదా పట్టీ). వానాకాలంలో ఎలుకలు బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు బళ్లకైతే ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి.

"పి0700 వస్తే ఖాయం." ఆ కోడ్ కాలింగ్ బెల్ లాంటిది, వచ్చిందెవరో తలుపు తీస్తేనే తెలుస్తుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ తన దగ్గర ఏదో ఫాల్ట్ ఉందని ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పి లైట్ వెలిగించమంటుంది, అంతే. అసలు కోడ్ ఆ గేర్‌బాక్స్ కంప్యూటర్లో, అంటే గేర్‌బాక్స్ మాడ్యూల్లో ఉంటుంది. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు అక్కడిదాకా వెళ్లవు. లోపలికి వెళ్లి చూస్తే పి0562 ఉందనుకోండి, వోల్టేజ్ తక్కువైందని. యు0101 అయితే గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట తెగిందని. రెండో కేసులో బ్యాటరీ వైరు తీసి క్యాన్ లైన్ల (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల) మధ్య కొలిస్తే మామూలుగా 60 ఓమ్స్ రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక వైపు తెగింది.

ఇక బ్యాటరీ మాట. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. స్టార్ట్ అయినంత మాత్రాన బాగున్నట్టు కాదు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉండాలి. 12.2 ఉందంటే సగం ఖాళీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే దిగిందంటే ఇంజన్ స్టార్ట్ అవ్వొచ్చు గానీ కంప్యూటర్లు తడబడతాయి. ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. కొత్త బళ్లలో ఛార్జింగ్‌ని కంప్యూటరే తగ్గించి పెంచుతుంది కాబట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే గేర్లు వాటంతటవే పడేలా చేసిన) బళ్లలో గేర్లు వేసేదే కరెంటుతో నడిచే ఏర్పాటు, వోల్టేజ్ పడితే ముందు దెబ్బ దానికే.

బ్యాటరీ బాగున్నా ఎర్త్ బాగుండకపోవచ్చు. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక బండికి లైట్ ఇలాగే వచ్చి పోయేది. గేర్‌బాక్స్ మీద బిగించిన ఎర్త్ పట్టీ పైకి శుభ్రంగానే ఉంది. మీటర్ పెట్టి ఓమ్స్ కొలిస్తే సున్నా. కానీ బ్యాటరీ నెగటివ్‌కీ గేర్‌బాక్స్ బాడీకీ మధ్య మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే ముప్పావు వోల్టు దాకా చూపించింది. అక్కడ 0.2 దాటకూడదు. బోల్టు విప్పితే వాషర్ కింద పచ్చటి పొడి, పట్టీలో సగం పోగులు తెగి ఉన్నాయి. ఒక్క పోగు మిగిలినా ఓమ్స్ సున్నాయే చూపిస్తుంది, లోడ్ పడితేనే నిజం బయటపడుతుంది. పట్టీ మార్చి, బోల్టు కూర్చునే చోటు గీకి బిగించాక ఆ లైట్ మళ్లీ రాలేదు.

టెర్మినల్ పీకితే లైట్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఫాల్ట్ వచ్చిన క్షణాన వోల్టేజ్ ఎంత, ఏ స్పీడులో ఉన్నారు అని కంప్యూటర్ దాచుకున్న వివరాలు కూడా చాలా బళ్లలో పోతాయి. దొంగ జాడ మనమే చెరిపేసుకున్నట్టవుతుంది. కొన్ని బళ్లలో కంప్యూటర్‌కి క్లచ్ సెట్టింగ్ మళ్లీ నేర్పించాల్సి వస్తుంది.

ఆయిల్ లెవెల్ చూడటం మంచిదే, తెగిన వైరును మాత్రం ఆయిల్ అతికించదు. సీవీటీలో (బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో) మామూలు ఆయిల్ పోస్తే బాగున్న గేర్‌బాక్సే పాడవుతుంది.

గేర్‌బాక్స్ నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. కాలిన వాసన, ఆయిల్లో ఇనుప రజను, ప్రతి ఎత్తు మీదా జారడం కనిపిస్తే బండి నడపొద్దు, లారీ మీద వేసుకెళ్లండి. అవేవీ లేకుండా లైట్ మాత్రమే వచ్చి పోతుంటే, ఎప్పుడొచ్చిందో, వాన ఉందో లేదో, ఏసీ వేసి ఉందో లేదో, ఏ గేర్లో ఉన్నారో ఫోన్లో రాసుకుని తీసుకెళ్లండి. గేర్‌బాక్స్ దింపుతామంటే బ్యాటరీ, ఛార్జింగ్, ఎర్త్ రీడింగులూ గేర్‌బాక్స్ మాడ్యూల్ కోడ్లూ కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే బండి తాళం తీసుకుని వచ్చేయండి.