పెనాల్టీ కార్నర్‌లో గ్యాస్ బండ

విజయవాడలో హాకీ కర్ర చేతబట్టుకొని తెల్లవారుజామున రోడ్డు మీదికి వచ్చిన మనిషిని జనం ఆటగాడని అనుకోరు. ఎవరి మీదికో బయలుదేరాడని అనుకుంటారు. వెనకటి కళాశాల గొడవల పుణ్యమా అని ఆ కర్రకు ఈ ఊళ్లో వచ్చిన పేరు అటువంటిది. బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేసిన మా క్లబ్బు కార్యదర్శిగారు అయిదారు కర్రలను స్కూటరుకు కట్టుకొని ఏలూరు రోడ్డు మీదుగా వస్తుంటే, టీ బండి దగ్గర దారికి అడ్డంగా నిలబడిన కుర్రాళ్లు చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకున్నారట. ఉద్యోగమంతా బాకీలు వసూలు చేసినా దక్కని మర్యాద రిటైరయ్యాక దక్కిందని ఆయన ఇప్పటికీ మురిసిపోతుంటారు.

మా క్లబ్బు మైదానం సత్యనారాయణపురం దాటిన తరువాత ఉంటుంది. మైదానమంటే టీవీలో కనిపించే నీలిరంగు టర్ఫ్ కాదు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, మిగిలిన రోజుల్లో ఈ రెండూ కలిసి దొరికే మట్టి నేల. వయసుతోగాని, ఒడుపుతోగాని నిమిత్తం లేకుండా వచ్చినవారినందరినీ చేర్చుకోవాలన్నది క్లబ్బు నియమం కనుక, తొమ్మిదేళ్ల పిల్లవాడి నుంచి డెబ్భై దాటిన పెద్దల వరకు అందరూ ఉన్నారు. పోలియో వల్ల ఒక కాలు బలహీనపడిన టైలరుగారు ఉన్నారు; పరుగు మాట ఎలా ఉన్నా, వచ్చిన బంతిని కర్రతో కదలకుండా ఆపడంలో ఆయనకు సాటి వచ్చేవారు మాలో లేరు. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన అమ్మగారు ఒకరున్నారు. ఆమె నడుస్తూనే ఆడతారు, ఎవరైనా అరిస్తే ఇప్పటికీ పెదవుల మీద వేలు పెట్టి చూస్తారు.

కొత్తగా వచ్చినవారితో రెండు చిక్కులు ఉంటాయి. కర్ర చేతికి ఇవ్వగానే ప్రతివారూ ముందరి కాలు చాచి కవర్ డ్రైవ్ కొడతారు. అది క్రికెట్టు పెట్టిన అలవాటు, కొన్ని వారాలకు గాని వదలదు. రెండవది ఎడమచేతి వాటం వారి గోడు. హాకీలో ఎడమచేతి కర్ర అంటూ ఉండదు. బంతిని కర్ర చదును ముఖంతోనే కొట్టాలి, కర్ర పట్టుకున్నప్పుడు ఆ ముఖం ఎవరికైనా ఎడమవైపే ఉంటుంది. పుర్రచెయ్యి ముందుకు వస్తే చాలు వీపు మీద ఒకటి చరిచే నాయనమ్మలెవరో ఈ నిబంధన రాసి ఉంటారని నా అనుమానం.

ఇంతమందిని చేర్చుకున్న క్లబ్బుకు కరువైనది ఒక్క గోల్‌కీపరు. 160 గ్రాములకు అటూ ఇటూగా బరువుండే గట్టి బంతి, 3.66 మీటర్ల వెడల్పున్న గోలులోకి ఎవడో బలంగా కొడుతుంటే దానికి అడ్డం వెళ్లి నిలబడమని ఎవరినైనా అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. కార్యదర్శిగారు మాత్రం వదలకుండా అందరికీ నూరిపోసేవారు. 2021లో టోక్యోలో జర్మనీ మీద 5–4 ఆధిక్యంలో ఉండగా, చివరి క్షణాల్లో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను మన గోల్‌కీపరు శ్రీజేష్ ఆపడం వల్లనే కదా 1980 తరువాత మళ్లీ హాకీలో మనకు ఒలింపిక్ పతకం వచ్చింది అనేవారు. అంత దూరం దేనికి, మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన ఎతిమరపు రజని భారత జట్టుకు గోల్‌కీపరుగా ఆడలేదా అనేవారు. అందరూ భక్తిగా విని, చప్పట్లు కొట్టి, ఫార్వర్డ్ స్థానాలకు పేర్లు ఇచ్చేవారు.

చివరికి ఒప్పుకున్నవారు మా లెక్కల మాస్టారు. పరిగెత్తనవసరం లేని స్థానం ఇదొక్కటేనన్నది ఆయన లెక్క. కాళ్లకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, ఛాతీకి కవచం, రెండు చేతులకు మందపాటి స్పాంజి పలకలు, నెత్తిన జాలీ హెల్మెట్, వీటన్నిటి మీద ఒక వదులు చొక్కా తొడిగి పంపిస్తే, చుట్టిన పరుపు తనంతట తాను గోలు దగ్గరికి నడిచి వెళుతున్నట్టు ఉండేది. ఆ సరంజామా తొడగడానికి ఇద్దరు మనుషులు, పావుగంట సమయం కావాలి. ఒకసారి తొడిగాక ముక్కు మీద దురద పుట్టినా మాస్టారు విరామం దాకా ఓర్చుకోవలసిందే.

ఇక జరిగిన సంగతి. ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన ఆగస్టు 29ని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతారు కనుక, ఆ ఉదయం ఒక ఇంజనీరింగ్ కళాశాల కుర్రాళ్లను స్నేహపూర్వక పోటీకి పిలిచాము. ఆట ముగిశాక ఇరుజట్లకూ టిఫిను మాస్టారుగారింట్లో. ముత్యాలంపాడులోని ఆ ఇంట్లో పిన్నిగారు ముందురోజు రాత్రే పెద్ద గిన్నెడు ఇడ్లీపిండి సిద్ధం చేసి, అల్లంపచ్చడి కూడా నూరి ఉంచారు. కుర్రాళ్లలో సగం మంది ఆ మాట విని వచ్చినవారేనని నాకు తరువాత తెలిసింది.

రెండవ క్వార్టరు మధ్యలో మా మీద పెనాల్టీ కార్నర్ ఇచ్చారు. ఈ ఆట తెలియనివారి కోసం ఒక మాట: పెనాల్టీ కార్నర్ అప్పుడు రక్షించే జట్టులో గోల్‌కీపరుతో కలిపి అయిదుగురు మాత్రమే గోలుగీత వెనక నిలబడతారు, మిగిలిన ఆరుగురు మధ్యగీత అవతలకు పోవాలి. ఎదుటి జట్టువాడు ఒకడు గీత మీది నుంచి బంతిని బయటికి నెడతాడు, గోలు ముందు వంపుగా గీసిన డీ గీత బయట ఒకడు ఆపుతాడు, ఇంకొకడు కొడతాడు. అంతర్జాతీయ పోటీల్లో ఈ ఏర్పాట్లకు 40 సెకన్లు ఇస్తారు. మా మైదానంలో ఆ ఆరుగురిలో పింఛనుదారులు ఎందరున్నారన్న దాన్ని బట్టి సమయం ఉంటుంది. ఆ రోజు నలుగురున్నారు.

వారు మోకాళ్లను కూడదీసుకొని మధ్యగీత వైపు నడుస్తుండగా మాస్టారి తొడ దగ్గర నుంచి వేంకటేశ్వర సుప్రభాతం మొదలైంది. ఫోను! ప్యాడ్ల వెనక, లోపలి నిక్కరు జేబులో ఉంది. మాస్టారు స్పాంజి పలకతో తొడ మీద రెండుసార్లు బాదుకున్నారు, అది ఆగలేదు. ఎడమ గోల్‌పోస్టు దగ్గర కాపలా ఉన్న నాకు కూడా చెయ్యి పెట్టే సందు దొరకలేదు. చివరికి బంతులు ఏరడానికి గోలు వెనక కూర్చున్న మా తొమ్మిదేళ్ల సభ్యుడు వచ్చి, ప్యాడు పక్కగా తన సన్నటి చెయ్యి మోచేతి దాకా దూర్చి ఫోను బయటికి లాగి స్పీకరులో పెట్టాడు.

“ఏమండీ, రెండో వాయి పొయ్యి మీద పెట్టానో లేదో గ్యాస్ అయిపోయింది. అదృష్టం బాగుండి బండ అబ్బాయి గుమ్మంలోనే ఉన్నాడు. మీ ఫోనుకేదో నంబరు వచ్చిందట, అది చెబితేగాని బండ దించడట. త్వరగా చెప్పండి, వెళ్లిపోతానంటున్నాడు.”

ఇంతవరకు ఒక ఇంటి వ్యవహారంగా ఉన్నది, ఇడ్లీల మాట వినగానే ఇరవైమంది వ్యవహారమైంది. బంతి నెట్టడానికి వంగిన కుర్రవాడు సైతం తల ఎత్తి చూశాడు. కళ్లజోడు మైదానం అవతల సంచిలో ఉన్నందువల్ల మాస్టారు హెల్మెట్ తీసినా లాభం లేదు. పైగా పెనాల్టీ స్ట్రోక్ తానే కొట్టవలసి వచ్చినప్పుడు తప్ప గోల్‌కీపరు హెల్మెట్ తీయరాదన్న నిబంధన ఒకటుంది, మా అంపైరుగా ఉన్న పీఈటీ సార్‌కు నిబంధనలంటే ప్రాణం. అందువల్ల చదివే భారం పిల్లవాడి మీద పడింది.

పిల్లవాడు ఇంగ్లీషు మీడియం. అందులోనూ ఏది చదివినా గొంతెత్తి, విడివిడిగా, పూర్తిగా చదవాలని బడిలో నేర్పారు. కనబడిన మొదటి సందేశాన్ని అలాగే అందుకున్నాడు: “యువర్ ఓటీపీ ఈజ్... డు నాట్ షేర్ దిస్ విత్ ఎనీవన్...”

“ఆపు! చదవకు! అది బ్యాంకుది!” కుడి గోల్‌పోస్టు దగ్గరి నుంచి కార్యదర్శిగారు పెట్టిన కేకకు మధ్యగీత దగ్గర నడుస్తున్న పింఛనుదారులు కూడా ఆగిపోయారు. ఖాతాదారులకు ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని చెప్పి చెప్పి రిటైరైన మనిషి, ఒక ఓటీపీని మైదానమంతా వినేలా చదివించబోతుంటే ఎలా ఊరుకుంటారు? కర్ర కింద పడేసి రెండు చెవులూ మూసుకున్నారు. మూయవలసింది పిల్లవాడి నోరని నేను అనబోయేలోగానే వాడు గ్యాసు సందేశాన్ని పట్టుకున్నాడు.

“ఏడు! రెండు! సున్నా! అయిదు!”

“ఏడు! రెండు!” అని మాస్టారు ఫోనులోకి అరిచారు. హెల్మెట్ జాలీలోంచి వచ్చిన ఆ మాట పిన్నిగారికి అందలేదు. “ఏంటండీ? ఏడా, మూడా?” అన్నారు. మాస్టారు తరగతిలో వెనక బెంచీ వారికి చెప్పే స్థాయికి గొంతు పెంచారు. ఆయనకు సాయంగా నేనూ, నా పక్కనున్న ఇద్దరూ అందుకున్నాము. అయిదుగురం గీత వెనక నిలబడి, ముక్తకంఠంతో, “ఏడు! రెండు! సున్నా! అయిదు!” అని చదివాము. సరిగ్గా అప్పుడే చివరి పింఛనుదారు మధ్యగీత దాటారు, పీఈటీ సార్ ఈల ఊదారు.

ఆ కుర్రాళ్లకు పెనాల్టీ కార్నర్ ఎత్తులకు అంకెల గుర్తులున్నాయని మాకు తెలియదు. ఏడు అంటే నేరుగా కొట్టడం, రెండు అంటే పక్కవాడికి జార్చి కొట్టించడమట. వారు లోలోపల గొణుక్కొని ఖాయం చేసుకున్నది ఏడు. ఆ అంకెను ఎదుటి జట్టు మొత్తం, గోల్‌కీపరుతో సహా, బహిరంగంగా ప్రకటించేసరికి వారి కెప్టెను బిత్తరపోయి ఎత్తు మార్చమని సైగ చేశాడు. నెట్టేవాడు ఆ సైగ చూశాడు, ఆపేవాడు చూడలేదు. బంతి ఒకవైపు వెళ్లింది, ఆపవలసిన కర్ర ఇంకొకవైపు ఉంది. కొట్టవలసినవాడు గాలిని బ్రహ్మాండంగా కొట్టాడు. బంతి డీ దాటి, వారందరినీ దాటి, ఎవరితోనూ పని లేకుండా మధ్యగీత వైపు దొర్లుకుంటూ పోయింది.

అక్కడ టైలరుగారున్నారు. కర్ర అలా ఆనించారు, బంతి ఆగింది. తల ఎత్తి చూస్తే, ఎదుటి గోలుకు కొంచెం దూరంలో వేపచెట్టు నీడన గ్రంథాలయం అమ్మగారు నిలబడి కొంగుతో విసురుకుంటున్నారు. మధ్యగీత అవతలకు పొమ్మన్నారే గాని ఎంత అవతలకో ఎవరూ చెప్పలేదు కనుక, ఆగస్టు ఉక్కలో ఎండన నిలబడడం ఎందుకని ఆమె నీడ దాకా నడిచారు. టైలరుగారు బంతిని ఆమెకు పంపించారు. ఆమె దానిని ముందుకు తోసుకుంటూ, తన మామూలు నడకతో, డీలోకి నడిచారు. అవతలి గోల్‌కీపరు మా అంకెల గొడవ చూడడానికి గోలు వదిలి ముందుకు వచ్చి ఉన్నాడు. వాడి పక్క నుంచి బంతిని చప్పుడు కాకుండా లోపలికి నెట్టారు.

“ఆఫ్‌సైడ్ సార్! ఆవిడ మా అందరికన్నా ముందే గోలు దగ్గరికి చేరి ఉన్నారు!” అని కుర్రాళ్లు గోల పెట్టారు. పీఈటీ సార్ ఈ క్షణం కోసమే బతికి ఉన్నట్టు ఛాతీ విరుచుకొని, హాకీలో ఆఫ్‌సైడ్ నిబంధనను 1990లలోనే తీసేశారనీ, బంతి డీ బయట అయిదు మీటర్లు దాటాక పెనాల్టీ కార్నర్ కూడా ముగిసినట్టేననీ, ఫుట్‌బాలు చూసి హాకీ ఆడితే ఇలాగే ఉంటుందనీ సుదీర్ఘంగా వివరించారు. గోలు ఇచ్చారు.

ఆ సందడిలో పిన్నిగారిని అందరూ మరిచిపోయారు. ఆమె ఇంకా లైనులోనే ఉన్నారు. “ఏమండీ, ఆ నంబరు పట్టడం లేదట. అది కిందటి బండదట. అబ్బాయి వెళ్లిపోయాడు!”

మైదానంలో అంత నిశ్శబ్దం అంతకుముందెన్నడూ లేదు. గ్రంథాలయం అమ్మగారు మాత్రం మెచ్చుకోలుగా చూశారు.

అయితే గ్యాస్ అబ్బాయి పోయింది మా మైదానం వైపే. విరామంలో ట్రాలీ ఆటో గేటు దగ్గర ఆగింది. అతను దిగి వచ్చి, “మాస్టారు ఎవరండీ?” అని అడిగితే అందరమూ గోలు వైపు చూపించాము. అతను ఆ ఆకారాన్ని కింది నుంచి పైదాకా చూసి, “పుస్తకంలో ఉన్న మనిషి ఈయనేనని ఎలా తెలుస్తుందండీ?” అన్నాడు. పాపం, అతని అనుమానంలో తప్పు లేదు. విరామమే కనుక పీఈటీ సార్ ప్రత్యేక అనుమతితో హెల్మెట్ తీయించి ముఖం చూపించాము. పిల్లవాడు ఈసారి తాజా సందేశాన్ని వెతికి, కార్యదర్శిగారి వైపు ఒకసారి చూసి, గ్యాస్ అబ్బాయి చెవిలో మాత్రం చెప్పాడు. బండ ముత్యాలంపాడు తిరిగి వెళ్లింది.

మిగిలిన రెండు క్వార్టర్లలో ఆకలి మీదున్న కుర్రాళ్లు మాకు నాలుగు గోల్స్ వేశారు. వేడి ఇడ్లీలు పదకొండు దాటాక వచ్చాయి. అల్లంపచ్చడి అందరి కోపాన్నీ సమానంగా చల్లార్చింది, మంట మాత్రం మిగిలింది. నాలుగో విడత వడ్డన జరుగుతుండగా వారి కెప్టెను పళ్లెం పట్టుకొని వచ్చి పిల్లవాడి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“తమ్ముడూ, గెలిచింది మేమేలే. ఆ ఏడు, రెండు, సున్నా, అయిదు ఏ డిఫెన్సురా? మా కోచ్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. మాకూ నేర్పవా?”

పిల్లవాడు నోట్లోని ఇడ్లీ మింగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “డు నాట్ షేర్ విత్ ఎనీవన్ అన్నా.”